సబ్బుతో కొలిచిన వేడి

మీరు నమ్మడం మానేసిన విషయాల్లో, చేసి చూసి మానేసినవి ఎన్ని? నిజాయితీగా లెక్కపెట్టి చెప్పండి. తొందరేమీ లేదు, నేను ఆగుతాను. ఈ ప్రశ్న తాయెత్తులు కట్టుకునేవాళ్ళని అడగడం లేదు. వాళ్ళని అడిగి అడిగి నా గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ఈసారి నా పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్ళని అడుగుతున్నాను, ‘మూఢనమ్మకం’ అనే మాటని జేబురుమాల్లా దగ్గర పెట్టుకుని తిరిగేవాళ్ళని. ఆ రోజుల్లో నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఒక మంచి సత్తు రేకు, అంటే అల్యూమినియం రేకు, ఏలూరులో మా మావయ్యగారి పెరట్లో కరిగి కారిపోయేది కాదు.

పోయిన వారం మండవల్లిలో బస్సు కోసం నిలబడి ఉండగా నా ముందునుంచి ఒక ఆటో మెల్లగా పోయింది. దాని నెత్తిమీద మైకు గొట్టం కట్టి ఉంది. మూడు రోజుల ఉజ్జీవ సభలు, కుటుంబ సమేతంగా తరలిరండి అని ఒక ఆడమనిషి గొంతు పిలుస్తోంది. నేను మాటలు వినడం మానేసి గొట్టం వంక చూశాను. నోటి అంచు దగ్గర ఎడమపక్క వేలెడు పొడవున రేకులో ఒక మడత. చీర కుచ్చిలి ఒకటి సర్దడం మర్చిపోయినట్టుంటుంది. ఆ మడత పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళు తిరిగి, ఎన్ని చేతులు మారి, ఆ గొట్టం సువార్తలోకి వచ్చిందన్న మాట. టీ కొట్టతను ‘ఏంటండీ, నవ్వుకుంటున్నారు’ అని అడిగాడు. ‘పాత స్నేహితుడండీ’ అన్నాను. ఆటో డ్రైవరు గురించి అంటున్నాననుకున్నాడతను.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ఒక మిల్లులో ఏళ్ళ తరబడి టర్నరుగా చేసి, ఆ మిల్లు మూతపడ్డాక, తను చేతులరగదీసుకున్న లేత్ మిషన్నే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నారు. పెళ్ళాన్ని తెచ్చుకున్నప్పుడు కూడా అంత జాగ్రత్తగా తేలేదని మా అత్తయ్య అంటూ ఉండేది. పెరట్లో రేకుల షెడ్డు వేసి, అందులో ఆ లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను, బల్లకి బిగించిన పెద్ద వైసు, ఎక్కడో సంపాదించిన లారీ జాకీ ఒకటి పెట్టుకున్నారు. రేకుని వంచడానికి, డొప్పలా లోతు తియ్యడానికి, చుట్టడానికి వేరే మిషన్లుంటాయి. వాటిలో ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు. వైసులో రెండు ఇనప కోణాలు పెట్టి మధ్యన రేకు బిగించి చెక్క సుత్తితో కొడితే గీత గీసినట్టు వంగేది. లారీ జాకీని బోల్టులేసిన చట్రంలో నిలబెట్టి కింద గుంట తీసిన చెక్క పెడితే, బల్లపరుపు రేకు గిన్నె అయి లేచేది. చేపల చెరువులవాళ్ళ ఇంజన్లకి మూతలు, కిరసనాయిలు గరాటాలు, ఎవరో హోమియో డాక్టరుగారికి మందుల పెట్టె, అన్నీ అలా పుట్టినవే. ‘ఇవన్నీ వీటితో ఎలా చేస్తారండీ’ అని ఎవరైనా ఆశ్చర్యపోతే, ‘ఉన్నవాటితోనే చెయ్యాలి గదండీ, లేనివాటితో ఎలా చేస్తాం’ అనేవారు ఎంతో అమాయకంగా.

మా ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడేది కాదు. దసరాకి ఆయన లేత్ మిషనుకి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. అది చెరిగిపోయేదాకా మిషను మీద ఉండేది. నేను అప్పటికి కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగతా పొద్దంతా సభల్లో వాదిస్తూ తిరిగేవాణ్ణి. మన హేతువాదుల సంఘంలో నాకు ‘నిప్పు’ అని పేరు. సొంత మావయ్య మోటారుకి బొట్టు పెడుతుంటే నిప్పు ఊరుకుంటుందా? ఒక దసరానాడు షెడ్డులోనే నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇనుముకి భక్తి ఉండదన్నాను. మేస్త్రీ నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి శిష్యుడికి, అడగకుండా అందుకున్నదే అజ్ఞానం అన్నాను. ఆయన చివరిదాకా విని, ‘అయిందా అల్లుడూ? ఆ నూనె డబ్బా ఇలా అందుకో’ అన్నారు. అప్పటినుంచి షెడ్డులో తను చేసే ఏ పనికీ కారణం చెప్పడం మానేశారు. నాకు అది తెలియలేదు. నా వాదనకి జవాబు లేక మౌనంగా ఉన్నారనుకుని సంతోషించాను.

ఇక గొట్టం సంగతి. ఏలూరులో ఒక మైకుసెట్టు సాయిబుగారుండేవారు. పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ లాల్చీలో మృదువుగా మాట్లాడే మనిషి. పెళ్ళిళ్ళకీ, ఉరుసుకీ, క్రిస్మసుకీ, శ్రీరామనవమికీ, దేవుడు లేడని చెప్పే నా సభలకీ అవే రెండు గొట్టాలు. మా దగ్గర అద్దె పుచ్చుకునేవారు కాదు. ‘మీ సభలకి జనం రారు గదండీ మాస్టారూ, సెట్టుకి అరుగుదల ఉండదు’ అనేవారు. అది రెండువేల రెండో మూడో. అప్పటికే పెద్ద పెద్ద నల్ల స్పీకరు బాక్సులు దిగాయి. పెళ్ళివాళ్ళు గుండెలదిరే చప్పుడు కావాలంటున్నారు. సాయిబుగారికి మిగిలినవి కొల్లేటి ఊళ్ళే. అక్కడ పెళ్ళి పందిరి ఒకచోట ఉంటే, సగం మంది చుట్టాలు చెరువు గట్ల మీద కాపలాల్లో ఉంటారు. బాక్సు చప్పుడు పందిట్లోనే దొర్లుతుంది. గొట్టం పాట నీళ్ళ మీదుగా రెండు మూడు చెరువులు దాటిపోతుంది. ఆ ఆదివారం అలాంటి ఒక ఊళ్ళో పెళ్ళి ఉంది. పాట అవతలి గట్టుకి చేరకపోతే ఇకమీదట ఊరంతా బాక్సులవాళ్ళనే పిలుస్తుందని పెద్దలు ముందే చెప్పేశారు. ఆ ఊరు పోతే పక్క ఊళ్ళూ పోతాయి, సాయిబుగారు సెట్టు అటక ఎక్కించాల్సిందే.

ఆ ముందు మంగళవారం నేను కొల్లేటి ఒడ్డున ఒక సభకి రెండు గొట్టాల్లో పెద్దదాన్ని తీసుకెళ్ళాను. ‘బస్సు పైన వెయ్యొద్దండీ మాస్టారూ, ఒళ్ళో పెట్టుకోండి’ అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. వెళ్ళేటప్పుడు ఒళ్ళోనే పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు పక్క సీటాయన జాతకం నిజమన్నాడు. వాదించాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి గదా! గొట్టం బస్సు పైకెక్కింది. దారిలో ఎవరో దానిమీద చేపల ఐసు పెట్టెలు వేశారు. ఏలూరులో దింపేసరికి గొట్టం నోరు తొక్కిన అరిటాకు దొన్నెలా ఉంది. జాతకం ఆయన్ని ఓడించాను, అది వేరే విషయం.

సాయిబుగారు దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తిడితే బాగుండేది. ఊళ్ళో కొట్లన్నీ తిరిగాం. అంత పెద్ద నోరున్న గొట్టం ఇప్పుడు రావడం లేదు, తెప్పిస్తే రెండు వారాలు పడుతుందన్నారు. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. నేను ఆయన్ని తిన్నగా మావయ్య షెడ్డుకి తీసుకెళ్ళాను.

మావయ్య గొట్టాన్ని చూసి, ‘కొట్టి సాపు చేస్తే పగుల్తుంది. కొత్త నోరు తియ్యాలి’ అన్నారు. తియ్యడమెలాగంటే, లేతు మీదే. ముందు గొట్టం లోపలి ఆకారంలో చెక్క దిమ్మ చెయ్యాలి. దాన్ని లేతుకి బిగించి, ముందు గుండ్రటి రేకు ఆనించి, అవతలనుంచి అదిమి పట్టాలి. రేకూ దిమ్మా కలిసి గిరగిరా తిరుగుతుంటే, మొన లేని నున్నటి ఇనప కర్రతో రేకుని మధ్యనుంచి అంచుదాకా కొంచెం కొంచెంగా దిమ్మ మీదికి పరచాలి. కుమ్మరి చక్రం మీద మట్టి పైకి లేస్తుంది చూడండి, ఇక్కడ రేకు వెనక్కి వాలుతుంది. ఆయన లేతు చిన్నదే. అయినా దాని ఒంట్లో ఒక ముక్క ఊడదీస్తే అక్కడ గుంట పడి, పెద్ద చక్రం కూడా తిరిగే వీలుంది. తుమ్మ చెక్కలు ఒకదానిమీద ఒకటి అతికించి బుధ, గురువారాలు దిమ్మ తీశారు. పాత ట్రాక్టరు కడ్డీ ఒకటి కొస అరగదీసి, అద్దంలా మెరుగు పెట్టి, పారకర్ర పిడి వేశారు. నేను రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి సామాన్ల కొట్టులో గుండ్రటి సత్తు రేకు తెచ్చాను. అంత కొలత రేకు ఆ కొట్లో అదొక్కటే ఉంది. దారిపొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

శుక్రవారం ఉదయం పని మొదలైంది. మావయ్య ఒక కొవ్వొత్తి తీసుకుని తిరుగుతున్న రేకుకి పూశారు. మేరీమాతకి కూడా మొక్కుతున్నారా అని నేను వెటకారంగా అడిగాను. ఆయన కడ్డీని చంకలో ఇరికించుకుని ఒళ్ళంతా ముందుకి వంచి నొక్కారు. రేకు మెరుస్తూ, వెన్న మీద గరిటె నడిచినట్టు, దిమ్మని అంటుకుంటూ పోయింది. అంత సొగసైన దృశ్యం నేను అంతకుముందు చూడలేదు. మూడోవంతు అయ్యాక మోత మారింది. మెత్తటి రొద కాస్తా కీచుమంది. వెంటనే మోటారు ఆపేశారు. ‘గట్టిపడిపోయింది. ఇక నొక్కితే చిట్లుతుంది. కాల్చి మెత్తన చెయ్యాలి’ అన్నారు. ముందు ఒక చిన్న ముక్క మీద చూసుకుందామని స్నానాలగది లోంచి ఒంటి సబ్బు తెచ్చి ఆ ముక్క నిండా రుద్ది, మంట చిమ్మే కిరసనాయిలు బ్లోల్యాంపు వెలిగించారు.

కొవ్వొత్తి దాకా ఓర్చుకున్నాను. సబ్బు చూసేసరికి ఆగలేకపోయాను. ‘అగ్నిప్రవేశానికి ముందు మంగళస్నానమా మావయ్యా? సబ్బెందుకండీ?’

‘మా మేస్త్రీ రుద్దేవాడు. నేనూ రుద్దుతున్నాను’ అన్నారాయన, నా మొహం వంక చూడకుండా.

ఆ ఒక్క మాట చాలు నాకు. తాత తాగిన బావి అని ఉప్పునీళ్ళు తాగేవాళ్ళ మాట అది! నేను జీవితమంతా పోట్లాడుతున్నది సరిగ్గా ఆ మాటతోనే. ఇంతలో కరెంటు పోయింది. కరెంటు వస్తే గానీ లేతు తిరగదు గదా అని మావయ్య బ్లోల్యాంపు ఆర్పేసి భోజనానికి లోపలికెళ్ళారు. తిని కాసేపు నడుం వాల్చారు. నేను షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. లోహాల గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నేను ముందురోజే చదివి వచ్చాను. సత్తుని ఎన్ని డిగ్రీలకి కాల్చాలో అందులో ఉంది. బ్లోల్యాంపుకి కరెంటు అక్కర్లేదు. ఆయన లేచేలోగా ఆ పని కానిచ్చేస్తే సమయం కలిసొస్తుంది, సబ్బు అక్కర్లేదని రుజువు కూడా అవుతుంది. పుస్తకంలో డిగ్రీలున్నాయి గానీ డిగ్రీలు కొలిచేది నా దగ్గర లేదు. ఇనుము ఎర్రబడుతుంది గదా, ఇది కూడా లేత ఎరుపు తిరగ్గానే తీసేద్దాం అనుకున్నాను. రేకుని దిమ్మ మీదనుంచి ఊడదీసి, సబ్బు రుద్దకుండా, శాస్త్రీయంగా, మంట పెట్టాను.

ఎర్రబడలేదు. ఇంకాసేపు చూశాను. తెల్లగా, ప్రశాంతంగా, ఏమీ ఎరగనట్టే ఉంది. ఇంకొంచెం మంట దగ్గరికి జరిపాను. రేకులో మధ్యకీ అంచుకీ నడుమ చిన్న వణుకు పుట్టింది. మరుక్షణం ఆ చోట తడి గుడ్డలా సాగి, చిల్లుపడి, వెండి బొట్టొకటి నేల మీద టప్పుమంది. సత్తు ఎర్రబడదండి. కరిగేదాకా రంగు మారదు, కరిగాక చెప్పి లాభం లేదు.

కరెంటు, మావయ్య, సాయిబుగారు ముగ్గురూ దాదాపు ఒకేసారి వచ్చారు. మావయ్య రేకుని, పక్కనే పడి ఉన్న సబ్బుని, నన్ను వరసగా చూశారు.

‘సబ్బు రుద్దలేదా?’

‘లేదండి.’

‘ఏం?’

‘అది... ఊరికే అలవాటుకొద్దీ రుద్దుతున్నారనుకున్నానండి.’

ఆయన తల గోక్కున్నారు. తర్వాత, నా ఉపన్యాసం విన్న ఆ దసరా నుంచి మొదటిసారిగా కారణం చెప్పారు. ‘అది మాకు థర్మామీటరురా అల్లుడూ. సబ్బు మాడి గోధుమరంగు దాటి నల్లబడితే రేకు మెత్తబడినట్టు లెక్క. అక్కడ ఆపెయ్యాలి. మెత్తబడే వేడికీ కారిపోయే వేడికీ ఎంతో దూరం లేదు. మరి సత్తు నోరు విప్పి చెప్పదు గదా. కొవ్వొత్తి కడ్డీ జారడానికి. కుంకుమొక్కటే మీ అత్తయ్య సంతోషానికి.’

మూడు వస్తువులు నా కళ్ళముందున్నాయి. మూడూ పూజ సామాన్లే అనుకున్నాను. వాటిలో రెండు పనిముట్లని ఒక్క నిమిషం పరీక్షిస్తే తెలిసేది. నేను పరీక్షించలేదు. మేస్త్రీ చెప్పాడని మావయ్య నమ్మినట్టే, అచ్చులో ఉందని నేనూ నమ్మాను. తేడా ఒక్కటే. ఆయన నమ్మినదాన్ని ప్రతిసారీ చిన్న ముక్క మీద చేసి చూసుకున్నారు.

సాయిబుగారు చిల్లులోంచి అవతలికి చూసి, ‘పోనీలెండి మాస్టారూ, ఇందాకటిదాకా గొట్టానికి నోరు లేదు. ఇప్పుడు కన్ను కూడా వచ్చింది’ అన్నారు. మావయ్య పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. తాడేపల్లిగూడెంలో ఇంకో రేకు లేదు, పెళ్ళి ఎల్లుండి. సాయిబుగారు చేతులు చాపి చూపిస్తూ, ‘గుండ్రంగా, సత్తుదై, ఇంత వెడల్పుంటే చాలాండీ?’ అని మావయ్యని అడిగి, సైకిలెక్కి వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున్నే సైకిలు వెనక కట్టుకుని వచ్చారు. అది బిర్యానీ డేగిసా మూత. వాళ్ళింట్లో పండగలకి దించేది. మావయ్య చేత్తో తట్టి, వంచి చూసి, మంచి సత్తేనన్నారు. మధ్యలో పిడి ఊడదీస్తే చిల్లు ఉంటుంది కదా అని నేను దిగులుపడ్డాను. ‘గొట్టానికి అక్కడ ఎలాగూ చిల్లు పెట్టాలి. కోసే పని తప్పించారు సాయిబుగారు’ అన్నారు మావయ్య. ‘ఇంట్లో చెప్పారాండీ?’ అని నేనడిగితే, ఆయన టోపీ సర్దుకుని, ‘పని అయ్యాక చెప్దామండీ. ముందే చెబితే పని కాదు’ అన్నారు.

మూత అంచు కత్తిరించి, లేతుకి ఎక్కించారు. మళ్ళీ కొవ్వొత్తి, మళ్ళీ కడ్డీ, మళ్ళీ ఆ వెన్నలాంటి నడక, మళ్ళీ కీచుమనే మోత. మావయ్య మోటారు ఆపి, సబ్బుబిళ్ళ నా చేతిలో పెట్టారు. ‘నువ్వే కాల్చు.’

‘నేనాండీ?’

‘పాడుచేసినవాడికే జాగ్రత్త తెలుస్తుంది.’

ముందు కత్తిరించిన అంచు ముక్కలు మూడు తీసుకున్నాను. ఒకటి అలాగే వదిలేశాను. ఒకదాన్ని సబ్బు గోధుమరంగు తిరిగేదాకా, ఒకదాన్ని నల్లబడేదాకా కాల్చి చల్లార్చి వంచాను. మొదటిది వేళ్ళని ఎదిరించింది. రెండోది మొరాయిస్తూ వంగింది. మూడోది తమలపాకులా మడతపడింది. నా జీవితంలో ఎన్నో సభల్లో గెలిచాను. ఆ మూడు ముక్కలిచ్చినంత తృప్తి ఏ సభా ఇవ్వలేదు. తర్వాత అసలు రేకుకి సబ్బు రుద్ది మంట పెట్టాను. రంగు నల్లబడగానే నేను అరిచిన అరుపుకి అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

రేకుని మూడుసార్లు కాల్చి, నాలుగు దఫాలు నొక్కితే గొట్టం నోరు విచ్చుకుంది. చివరిదఫాలో వెనకనుంచి అంచుకి చెక్క ఆనించి పట్టుకోవడం నా పని. సంతోషంలో ఒక్క క్షణం చెక్క సడలించాను, మడత పడింది. మావయ్య దాన్ని చెక్క సుత్తితో కొంతవరకు దువ్వి, ‘ఉండనీ. ఎవరు చేశారో గుర్తుండాలి గదా’ అన్నారు.

ఆదివారం సాయిబుగారితో నేనూ ఆ ఊరెళ్ళాను. గొట్టాన్ని ఒళ్ళోంచి దించలేదు. దాన్ని వెదురు గడకి కట్టి, నన్ను చెరువు గట్టు వెంబడి నడవమన్నారు. ‘వినపడినంతసేపూ చెయ్యెత్తుతూ ఉండండి మాస్టారూ.’ ఊరి పెద్దలిద్దరు పందిరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నారు. మొదటి చెరువు దాటాను, చెయ్యెత్తాను. రెండోది దాటాను, చెయ్యెత్తాను. కొంగలు లేచాయి. మూడో గట్టు మలుపులో పందిరి చీమంత కనపడుతోంది. నీళ్ళ మీదుగా సాయిబుగారి నెమ్మదైన గొంతు ఒక్క అక్షరం కూడా పోకుండా వచ్చింది. ‘మాస్టారూ, ఇక వెనక్కి రండి. వంటలవుతున్నాయి.’ నేను చెయ్యెత్తేలోగా, ఇంకా అవతల నీళ్ళలో తాటిదోనె మీద వల తీస్తున్న ఒకాయన లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. భోజనానికి తననే పిలుస్తున్నారనుకున్నాడట. నిజంగానే వచ్చాడు, తిన్నాడు కూడా. పెద్దలు అక్కడికక్కడే పై నెల పెళ్ళికి కూడా సాయిబుగారినే మాట్లాడుకున్నారు. ఆ ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ మరో ఏడెనిమిదేళ్ళు సాయిబుగారి దగ్గరే ఉండిపోయాయి. డేగిసా మూత సంగతి ఇంట్లో ఎలా చెప్పారో మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

మావయ్య పోయి కొంతకాలమైంది. లేతు ఇప్పుడు నా దగ్గరే ఉంది. దసరాకి అత్తయ్య వచ్చి బొట్టు పెడుతుంది. నేను పెట్టను, తుడవను. కుంకుమ వల్ల లేతు బాగా తిరుగుతుందని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ విషయంలో ఎవరైనా వాదనకి వస్తే సిద్ధమే. కానీ మావయ్య చేతుల్లో ఇంకా ఎన్ని కొలతలుండేవో నేను అడగలేదు. మోత విని రేకు గట్టిదనం చెప్పేవారు. గోటితో గీరి లోహం పేరు చెప్పేవారు. అడుగుదాం, రాసుకుందాం అనుకుంటూనే ఉన్నాను. ఆయన అలాగే, తెల్లగా, ప్రశాంతంగా కనపడుతూ ఉన్నారు. కాలం కూడా సత్తు లాంటిదే. అయిపోయేముందు ఎర్రబడి హెచ్చరించదు.

అందుకని మీరు ఈ పేజీ మూసి లేవండి. మీ ఇంట్లోనో, వీధిలోనో, చేత్తో పనిచేసే ఒక పెద్దమనిషి కారణం చెప్పకుండా చేసే పని ఒకటి ఉంటుంది. నవ్వకుండా పక్కన కూర్చుని, ఎందుకు అని అడగండి. చెప్పింది నమ్మకండి, కొట్టిపారెయ్యకండి. మూడు ముక్కలు తెచ్చుకుని మీ చేత్తో వంచి చూడండి. రేపు కాదు, ఇవాళే.